డాబా మీద 24 టమాటా మొక్కలు, రెండు పెయింటు డబ్బాలు, పొర్లిపోయే ట్యాంకు: నేను మూడుసార్లు తప్పు చేసిన ఒక కేసు

నేను చేసేది పంపుసెట్ల రిపేరు, డ్రిప్ ఫిటింగ్. ఒడిశాలో పర్లాకిమిడి చుట్టుపక్కల, ఇటు గుణుపురం దాకా, అటు బోర్డర్ దాటి ఆంధ్రాలో పాతపట్నం వైపు తిరుగుతుంటాను. ఎకరాల్లో పైపులు పరిచే పనే ఎక్కువ, ఇంటి డాబా మీద పది కుండీలకి ఎవరు పిలుస్తారు చెప్పండి, పిలిచినా కూలి గిట్టదు. కానీ ఈ కేసు మాత్రం రాసి పెట్టుకోవాలనిపించింది, ఎందుకంటే రెండెకరాల టమాటాకి ఒక్క పూటలో డ్రిప్ వేసేసే నేను ఇరవై నాలుగు మొక్కల దగ్గర రోజుల తరబడి తిరిగాను. ఊరు, వీధి చెప్పను, పేర్లు చెప్పను. గజపతి జిల్లాలో ఒక చిన్న టౌను అనుకోండి చాలు.

ఎవరిల్లు, ఏంటి పరిస్థితి

రిటైరైన మాస్టారు, ఆయన భార్య. పిల్లలు బయట ఉద్యోగాల్లో ఉన్నారు. పైన వీళ్లు, కింద పోర్షన్లో అద్దెకి ఒడియా కుటుంబం. మేడ మీద నాలుగు గోడల వెంట సిమెంటు బస్తాల్లో మట్టి నింపి టమాటా వేశారు, నారు డిసెంబరు ఆఖర్లో నాటారట. బస్తాలు గోడల వారగా పెట్టడం మంచి పని, తడిసిన మట్టి బస్తా ఒక్కోటి పాతిక కిలోలకి పైనే తూగుతుంది, అవన్నీ స్లాబు మధ్యలో కుప్ప పెడితే మేడకి మంచిది కాదు. మొక్కలు బలంగానే ఉన్నాయి, ఛాతీ ఎత్తు, కర్రలు కట్టారు, కాపు బాగా దిగింది.

చిక్కేంటంటే మాస్టారికి నెలకోసారి విశాఖలో ట్రీట్‌మెంట్ ఉంటుంది, వెళ్తే నాలుగైదు రోజులు, ఇద్దరూ వెళ్తారు. ఆ నాలుగైదు రోజులు మొక్కలకి నీళ్లు పోసే మనిషి లేడు. కిందావిడ మంచిదే, అడిగితే పోస్తుంది, కానీ ఆవిడకి చంటిపిల్ల ఉంది, రోజూ మేడెక్కి ఇరవై నాలుగు బస్తాలకి మగ్గుతో పొయ్యమని ఎలా అడుగుతాం అని అమ్మగారి మొహమాటం.

మార్చి ఆఖర్లో నాకు ఫోన్ వచ్చింది. "బాబూ, మొక్కలకి ఏదో తెగులు తగిలింది, కాయలన్నీ అడుగున నల్లగా అయిపోతన్నాయి, మందు కొట్టినా తగ్గడం లేదు, నువ్వు ఒకసారి సూసి ఆ సుక్కల పైపులు కూడా పెట్టేసి ఎల్లు" అన్నారు. అంటే ఆవిడ లెక్కలో ఇవి రెండు వేరు పనులు, ఒకటి తెగులు, రెండోది నీళ్లు. అవి రెండూ ఒకటే అని మేడ ఎక్కిన పావుగంటలో అర్థమైంది.

తెగులా, నీళ్లా

కాయ తీసి చూశాను. పువ్వు రాలిన చోట, అంటే కాయ అడుగున, తోలులాగా గట్టిపడి, లోపలికి గుంట పడి, నల్లగా ఉంది. వాసన లేదు, మెత్తబడలేదు. ఆకులు శుభ్రంగా ఉన్నాయి. ఇంకొన్ని కాయలు తొడిమ చుట్టూ పగిలి ఉన్నాయి. ఈ రెండూ కలిసి కనపడితే నేను మొదట అడిగేది మందు గురించి కాదు, నీళ్లు ఎప్పుడెప్పుడు పోస్తున్నారు అని.

కాయ అడుగు నల్లబడటం పురుగూ కాదు, బూజూ కాదు. కాయ పెరిగేటప్పుడు దాని అడుగు భాగానికి కాల్షియం అందకపోతే అక్కడ కణాలు చచ్చిపోతాయి. కాల్షియం మట్టిలో లేక కాదు చాలాసార్లు, అది నీళ్లతో పాటే పైకి ఎక్కుతుంది, పైగా ఎక్కిన నీళ్లలో ఎక్కువ భాగం ఆకుల వైపే పోతుంది, కాయ అడుగు అన్నిటికన్నా చివర్లో ఉంటుంది. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు బకెట్ పోస్తే ఆ నాలుగు రోజుల్లో ఎదిగిన కాయకి దెబ్బ తగిలేసినట్టే. ఎండిన తర్వాత ఒక్కసారిగా నీళ్లు తాగితే లోపల గుజ్జు ఉబ్బుతుంది, తొక్క సాగదు, పగులుతుంది. వీళ్ల నోట్లోంచే వచ్చింది, విశాఖ నుంచి రాగానే "పాపం ఎండిపోయాయని" ఒక్కో మొక్కకి రెండేసి మగ్గులు ఎక్కువ పోసేవారట.

మందు షాపతను ఏదో బూజు మందు ఇచ్చాడు, మూడుసార్లు కొట్టారు. షాపతన్ని తప్పు పట్టను, ఆయనకి చూపించింది ఒక నల్ల కాయ, మేడ చూపించలేదు కదా. "బిలాతి బైగన గుడా పచి జావుచి" అని కిందావిడ ఒడియాలో చెప్పి తెచ్చిందట, కుళ్లిపోతుంది అంటే ఎవరైనా కుళ్లు మందే ఇస్తారు.

ఒక్క మొక్క మాత్రం తేడాగా అనిపించింది. మిగతావి మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేస్తున్నాయి, అది ఎండకి సహజం. ఇదేమో పొద్దున్న ఏడింటికి కూడా పచ్చగానే ఉండి వేలాడిపోయి ఉంది. నీళ్లు తక్కువైన మొక్క తెల్లారేసరికి తేరుకోవాలి. దాన్ని మొదలు దగ్గర అడ్డంగా కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో తగిలేట్టు కదలకుండా పట్టుకున్నాను. రెండు మూడు నిమిషాలకి కోసిన చోటు నుంచి పాలదారం లాంటిది సన్నగా కిందకి జారడం మొదలైంది, సిగరెట్ పొగ తలకిందులుగా దిగినట్టు. అది బాక్టీరియా ఎండు తెగులు. అమ్మగారు కళ్లజోడు తెచ్చుకుని మరీ చూశారు. ఆ మొక్కని మట్టితో సహా తీయించేశాను, ఆ మట్టిలో మళ్లీ టమాటా గానీ వంకాయ గానీ మిర్చి గానీ పెట్టొద్దని చెప్పాను. మిగతా ఇరవై మూడింటిలో ఏదీ పొద్దున్న పూట అలా వేలాడి లేదు. ఖాళీ అయిన చోట కొత్త మట్టితో కొత్త బస్తా, పక్కింట్లో మిగిలిన మొక్క తెచ్చి పెట్టారు, అందుకే లెక్క ఇరవై నాలుగే.

ఈ పరీక్ష ఎందుకు ముందు చేశానంటే, ఎండు తెగులు ఉన్న మేడ మీద నేను ఎంత గొప్ప నీటి ఏర్పాటు చేసినా నెలలో మొక్కలు పోతాయి, అప్పుడు "నీ పైపుల వల్లే పోయాయి" అంటారు.

నేను రాకముందే వాళ్లు చేసినవి

సీసాలు బోర్లించడం అందరూ చేసేదే. కూల్‌డ్రింక్ సీసా మూతకి సూదితో కన్నం పెట్టి మొక్క మొదట్లో బోర్లా గుచ్చారు. కొన్ని గంటలో ఖాళీ, కొన్ని రెండు రోజులైనా నిండుగానే. సీసా లోపలికి గాలి పోతేనే నీళ్లు బయటికి వస్తాయి, మట్టి మూతిని మూసేస్తే ఆగిపోతుంది. ఇంకో తమాషా కూడా ఉంది, మధ్యాహ్నం ఎండకి సీసాలో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, నీళ్లని బయటికి తోస్తుంది, రాత్రి చల్లబడి లోపలికి లాక్కుంటుంది, దాంతోపాటు మట్టిని కూడా లాక్కుంటుంది. కన్నం పూడిపోయేది అలాగే.

తర్వాత వత్తులు. మాస్టారి పాత పంచె చింపి తాడులా పేని, బకెట్లోంచి బస్తాలోకి వేశారు. చిన్న మిర్చి మొక్కకి ఇది చాలు, కాపు మీదున్న టమాటాకి చాలదు. ఎండాకాలంలో ఇంత మొక్క రోజుకి లీటరున్నర దాకా తాగుతుంది, గుడ్డ వత్తి అంత మోయలేదు, పైగా బకెట్‌కీ బస్తాకీ మధ్య గాల్లో ఉన్న ముక్క ఎండకి ఎండిపోతుంది.

మూడోది సెలైన్ సెట్లు, ఇది అమ్మగారి తమ్ముడి కొడుకు ఐడియా, అతను కాంపౌండరు. చెప్పాలంటే తెలివైన ఆలోచనే. మామూలు సెలైన్ సెట్‌లో 20 చుక్కలు అంటే ఒక మిల్లీలీటరు. రోజుకి 1.6 లీటర్లు కావాలంటే 32,000 చుక్కలు, నిమిషానికి 22 చుక్కలు పెడితే ఇరవై నాలుగు గంటల్లో సరిపోతుంది. లెక్క కరెక్టు, మొదటి రోజు మేడ మీద ఆసుపత్రి వార్డులాగా ఉండిందట. మూడో రోజుకి సగం ఆగిపోయాయి, రెండు మూడు మాత్రం ధారగా కారిపోయాయి. చుక్కలు తగ్గించే ఆ చక్రం నొక్కితే ట్యూబులో మిగిలేది వెంట్రుకంత సందు, మా వైపు బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ, ఎర్రటి నలక ఒక్కటి వచ్చి అడ్డం పడితే చాలు. వీళ్లు కొత్త సెట్లే కొన్నారు కాబట్టి సరే, ఆసుపత్రిలో వాడేసినవి తెచ్చి మొక్కలకి పెట్టేవాళ్లని కూడా చూశాను, అది మాత్రం వద్దు, రక్తం తగిలిన సరుకు అది.

నా మొదటి తప్పు

ఇక నేను. వినగానే ఇదేం పని అనుకున్నాను. నీళ్ల డ్రమ్ము ఒకటి ఇటుకల మీద పెట్టించి, 16 మిల్లీమీటర్ల నల్ల పైపు బస్తాల వెంట చుట్టూ తిప్పి, బ్యాగులో ఉన్న డ్రిప్పర్లు, గంటకి 4 లీటర్లవి, అదీ ప్రెజర్ ఎంతున్నా ఒకేలా ఇచ్చే మంచి రకం, బస్తాకి ఒకటి గుచ్చాను. వాల్వు తిప్పాను. కొన్ని ఒక చుక్క వేసి ఆగాయి. కొన్ని అసలు తడవలేదు.

అమ్మగారు టీ తెచ్చి నిలబడి ఉన్నారు. నేను పైపు ఊదుతున్నాను, డ్రిప్పర్ తీసి దులుపుతున్నాను, ఫిల్టర్ చూస్తున్నాను. అప్పుడు వెలిగింది. ఆ డ్రిప్పర్ లోపల రబ్బరు పొర ఉంటుంది, అది కదిలి సరిగ్గా పని చెయ్యాలంటే అర బార్ నుంచి ఒక బార్ దాకా ప్రెజర్ కావాలి. నీళ్లు పది మీటర్ల ఎత్తున ఉంటే ఒక బార్. నా డ్రమ్ము ఉన్నది రెండడుగుల మీద, అంటే 0.06 బార్. పొలంలో మోటారు తోస్తుంది కాబట్టి నేను ఎప్పుడూ ఈ లెక్క చూసుకోవాల్సిన పని పడలేదు, చేతి అలవాటు కొద్దీ గుచ్చేశాను. ఖరీదైన డ్రిప్పర్ మంచిదే అనే భ్రమ కూడా ఉంది అందులో.

డ్రమ్ము ఎత్తు పెంచొచ్చు కదా అని మాస్టారు అన్నారు. అర బార్‌కి ఐదు మీటర్లు లేపాలి, 200 లీటర్ల డ్రమ్ము అంటే నీళ్లే 200 కిలోలు, మేడ మీద మళ్లీ స్తంభాలు కట్టాలి. చిన్న పంపు పెట్టొచ్చు, కానీ మనుషులు లేని ఇంట్లో కరెంటు పోతే, పంపు ఖాళీగా తిరిగితే ఎవరు చూస్తారు. కాబట్టి ప్రెజర్ పెంచడం కాదు, ఉన్న ప్రెజర్‌తో పని చేసే వస్తువు పెట్టాలి అని నిర్ణయం.

రెండో తప్పు, అసలు పాఠం దీంట్లోనే ఉంది

తక్కువ ప్రెజర్‌కి సన్న ట్యూబు సరిపోతుంది, లోపలి సందు 1.2 మిల్లీమీటర్లది. లోపల రబ్బర్లు, చిక్కుదారులు ఏమీ ఉండవు, ఎంత సందో ఎంత పొడవో అంతే. పూడుకున్నా నోటితో ఊదితే పోతుంది. పెద్ద పైపుకి కన్నాలు పెట్టి, సన్న ట్యూబులు ఏ మొక్కకి ఎంత అందితే అంత కోసి గుచ్చేశాను. నీళ్లు వచ్చాయి. నేను డబ్బులు తీసుకుని వెళ్లిపోయాను కూడా.

వారం తర్వాత మళ్లీ ఫోన్. "బాబూ, తూము దగ్గర బస్తాల కింద మడుగు కట్టేస్తంది, మెట్ల దగ్గరవేమో అలాగే వాడిపోతన్నాయి."

ఈసారి ఊహించకుండా కొలిచాను. అమ్మగారి దగ్గర స్టీలు గ్లాసులు బోలెడు, పెళ్లిళ్లలో వచ్చినవి, ఇరవై నాలుగు తెప్పించి ఒక్కో ట్యూబు కింద ఒక్కోటి పెట్టి, సరిగ్గా పది నిమిషాలు వదిలి, దగ్గు మందు మూతతో కొలిచి బస్తా మీద సుద్దముక్కతో రాశాం. పొట్టి ట్యూబు ఉన్న వాటిలో 180 మిల్లీలీటర్లు దాటింది, పొడవు ట్యూబువి 80, 90. సరే, పొడవు సగమైతే నీళ్లు దాదాపు రెట్టింపు, ఇది తెలిసిన విషయమే, తెలిసీ బద్ధకించాను. అన్నిటికీ సరిగ్గా మీటరు చొప్పున కోసి, దగ్గర మొక్కల దగ్గర మిగిలింది చుట్ట చుట్టి దారంతో కట్టేశాను.

మళ్లీ గ్లాసులు. ఈసారి మెట్ల వైపు 70, తూము వైపు 120.

ఇక్కడ నేను కాసేపు బస్తా మీదే కూర్చుండిపోయాను. ట్యూబులన్నీ ఒకే పొడవు, ఒకే సైజు, ఒకే డ్రమ్ము. తేడా ఎక్కడిది? మాస్టారు, ఆయన లెక్కల మాస్టారే లెండి, "ఏమయ్యా, వాన నీరు ఎటు పోతుంది?" అన్నారు. తూము వైపు. మేడ వాటంగా కట్టేది అందుకే కదా, ఇరవై అడుగుల మేడకి రెండు మూడు అంగుళాల వాలు ఉంటుంది. దానికి తోడు బస్తాలు ఒకటి నిండుగా ఒకటి వెలితిగా, ట్యూబు కొస ఒకచోట మట్టి మీద, ఒకచోట కర్రకి కట్టి. మొత్తం కలిపితే పై కొసకీ కింది కొసకీ మధ్య అయిదంగుళాలు తేడా వచ్చింది.

పొలంలో అయిదంగుళాలు ఎవడూ చూడడు. మోటారు ఒక బార్ ఇస్తుంటే అంటే పది మీటర్ల నీటి ఎత్తు, అందులో అయిదంగుళాలు నూటికి ఒక వంతు. ఇక్కడ డ్రమ్ములో నీటి మట్టానికీ ట్యూబు కొసలకీ మధ్య ఉన్న ఎత్తే పదంగుళాలు. అందులో అయిదంగుళాల తేడా అంటే సగం. పైగా డ్రమ్ములో నీళ్లు తగ్గేకొద్దీ అన్యాయం పెరుగుతుంది, చివర్లో ఎత్తున ఉన్న మొక్కలకి పూర్తిగా ఆగిపోయి మిగిలిందంతా పల్లంలో ఉన్నవే తాగేస్తాయి. ఆ మడుగు సంగతి అదీ.

కాబట్టి చూడాల్సింది బస్తా ఎత్తు కాదు, మేడ వాలు కాదు, ట్యూబు కొస ఎత్తు. కొసలన్నీ ఒకే మట్టంలో ఉంటే కింద ఏం ఉన్నా ఫర్వాలేదు. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు ఉంటుంది కదా, నీళ్లు నింపిన పారదర్శకం పైపు, అది చాలు. పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర గంటసేపు అడిగి తెచ్చాను. ఒక కొస మాస్టారు పట్టుకుని మెట్ల దగ్గర కర్ర మీద గీత దగ్గర నిలబెట్టారు, ఇంకో కొస నేను ఒక్కో బస్తా కర్ర దగ్గరికి తీసుకెళ్లి నీళ్లు కుదురుకోగానే గీత గీశాను. "ఆగయ్యా, ఇంకా ఊగుతోంది, ఇప్పుడు... ఆఁ" అని ఆయన, బోర్డు మీద లెక్క చేయిస్తున్నట్టే. ఇరవై నాలుగు గీతలు. ప్రతి ట్యూబు కొసని ఆ గీత దగ్గర వైరుతో కట్టాం, కిందకి చుక్కలు పడతాయి, బస్తా ఎంత పల్లంలో ఉంటే అంత కిందకి పడతాయి అంతే. తూము వైపు బస్తాల దగ్గర చుక్క జానెడు ఎత్తు నుంచి పడి మట్టి గుంట చేస్తుంటే అక్కడ పెంకు ముక్క పెట్టాం.

గ్లాసులు మూడోసారి. అన్నీ 90కి 100కి మధ్య. ఇంతకంటే దగ్గరగా పొలంలో కూడా రాదు.

మూడోది: టైమర్ గొడవ

ఇప్పుడు నీళ్లు సమానంగా పడుతున్నాయి. కానీ ఎవరు తిప్పాలి, ఎవరు ఆపాలి? 200 లీటర్ల డ్రమ్ము అలా వదిలేస్తే అర రోజు కాకుండానే చాలా వరకు కారిపోతుంది, తర్వాత నాలుగు రోజులు ఎండ.

బ్యాటరీ టైమర్లు దొరుకుతాయి. వాటిలో పొర ఉండే రకం మళ్లీ ప్రెజర్ ఉంటేనే తెరుచుకుంటుంది, లోపల గోళీ తిరిగే రకం అయితే ఇంత తక్కువ ప్రెజర్‌కి కూడా పనిచేస్తుంది. నేను రెండోది తెప్పిద్దాం అనుకున్నాను. అంతకుముందు డ్రమ్ములో మట్టం తగ్గినా ధార మారకుండా కూలర్ ఫ్లోట్ వాల్వుతో మధ్యలో ఒక చిన్న బకెట్ కూడా కట్టాను, ఎప్పుడూ ఒకే మట్టం, ఎప్పుడూ ఒకే ధార, అప్పుడు టైమ్ లెక్కతో కరెక్టుగా ఇన్ని లీటర్లు అని చెప్పొచ్చు. చూడ్డానికి బాగుంది, నేను మురిసిపోయాను. మాస్టారు ఫొటో కూడా తీశారు.

దాన్ని నేనే మళ్లీ పీకేశాను. కొసలన్నీ ఒకే మట్టంలో ఉన్నాక ధార తగ్గినా అన్నిటికీ ఒకేలా తగ్గుతుంది. అప్పుడు మట్టం ఒకేలా ఉంచాల్సిన పనేముంది, టైమ్ చూడాల్సిన పనేముంది? రోజుకి కావాల్సినన్ని నీళ్లే ఒక డబ్బాలో ఉంటే అది ఖాళీ అయ్యేదాకా కారుతుంది, ఖాళీ అయ్యాక ఆగుతుంది. ఇరవై నాలుగు మొక్కలకి 38 లీటర్లు, ఒక్కోదానికి 1.6. కొలత గడియారంలో కాదు, డబ్బాలో పెట్టాలి. ఇది తట్టడానికి నాకు ఒక ఫ్లోట్ వాల్వు ఖర్చైంది.

20 లీటర్ల పెయింటు డబ్బాలు రెండు తెచ్చి శుభ్రంగా కడిగి, అడుగున కన్నాలు పెట్టి పైపుతో కలిపాను, రెండిట్లో ఒకే మట్టం ఉంటుంది. కొసల గీత కన్నా డబ్బాల అడుగు ఆరంగుళాలు ఎత్తు. నింపి వదిలితే రెండున్నర గంటల్లో ఖాళీ.

మరి నింపేది ఎవరు? నేను ఈ ప్రశ్న గట్టిగా అన్నప్పుడు సరిగ్గా కింద నుంచి కేక, "పాణి పడుచీ!" మేడ మీది ట్యాంకు నిండి ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీళ్లు ధారగా తూములోకి పోతున్నాయి, కిందావిడ పరిగెత్తుకెళ్లి మోటారు ఆపుతోంది. రోజూ పొద్దున్న అంతేనట, మోటారు వెయ్యడం, పొర్లిన చప్పుడు వినపడ్డాక ఆపడం. వీళ్లు ఊళ్లో ఉన్నా లేకపోయినా కిందవాళ్లకి నీళ్లు కావాలి కాబట్టి మోటారు వేస్తారు. అంటే ఈ ఇంట్లో రోజూ పొద్దున్న తప్పకుండా జరిగే పని ఒకటి ఎప్పట్నుంచో ఉంది, నేనే చూడలేదు.

ఓవర్‌ఫ్లో పైపుకి ఎల్బో వేసి పెయింటు డబ్బాల్లోకి తిప్పాను. డబ్బా పైన ఒక కన్నం, నిండాక మిగిలింది ఎప్పట్లాగే తూములోకి. అందుకని ఆవిడ మోటారు పావుగంట మర్చిపోయినా మొక్కలకి 38 లీటర్లకి మించి ఇంచుమించు పోదు. డబ్బా పక్కన ఇంకా రెండు కన్నాలు తక్కువ ఎత్తులో పెట్టి రబ్బరు బిరడాలు వేశాను, మబ్బుగా ఉంటే మధ్యది తీస్తే దాదాపు 30 లీటర్లు, ఇంకా కిందది తీస్తే 20.

చిన్నవి కొన్ని. డబ్బా బయటికి వచ్చే చోట సన్న జాలీ ఫిల్టర్ (120 మెష్), వారానికోసారి కడగాలి, మా నీళ్లకి అది లేకపోతే పది రోజుల్లో సన్న ట్యూబులు ఎర్రబారిపోతాయి. పెద్ద పైపు చివర మూసెయ్యకుండా పైకి తిప్పి డబ్బా కంటే ఎత్తున తెరిచి వదిలాను, ఎండకి పైపులో గాలి బుడగలు కట్టి ధార ఆగిపోతుంటే అవి పోవడానికి. పైపుకి సున్నం పూశాం, నల్ల పైపు ఏప్రిల్ ఎండకి ఉడికిపోతుంది, వేడి నీళ్లు పలచబడి సన్న ట్యూబులో త్వరగా పారతాయి కూడా, ఎండ వైపు మొక్కలకి కొంచెం ఎక్కువ పడేది. పొద్దున్నే పారితే ఈ గొడవ తక్కువ. బస్తాల మీద రెండంగుళాల మందం వరిగడ్డి.

ఏమైంది

ఏప్రిల్ రెండో వారంలో ఇద్దరూ విశాఖ వెళ్లి ఐదు రోజులకి వచ్చారు. మొక్కలు నిలబడే ఉన్నాయి. అప్పటికే నల్లబడిన కాయలు బాగుపడవు, అవి తీసెయ్యమన్నాను. కొత్తగా దిగిన కాయల్లో మూడు వారాలకి నల్ల మచ్చ దాదాపు లేదు, పగుళ్లు పూర్తిగా పోయాయి. మే ఎండలకి పూత రాలింది, అది నీళ్లతో ఆగేది కాదు, ఆ వేడికి టమాటా పిందె కట్టదు, ఆ మాట ముందే చెప్పి ఉంచాను.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. మే నెలలో సెలవులకి కొడుకు వచ్చాడు. రోజూ నీళ్లు పొర్లి వృథా అవుతున్నాయని, మోటారు ఆపే పని తప్పుతుందని, ట్యాంకుకి ఆటోమేటిక్ కటాఫ్ పెట్టించాడు. మంచి ఉద్దేశమే. ట్యాంకు నిండేలోపే మోటారు ఆగిపోతుంది, పొర్లడం లేదు, డబ్బాల్లోకి చుక్క లేదు. ఇంట్లో మనుషులు ఉన్నారు కాబట్టి రెండో రోజే గమనించారు, లేకపోతే ఐదు రోజులకి అన్నీ ఎండిపోయేవి. నేను మొక్కల గురించి అన్నీ చెప్పాను, ఈ ఏర్పాటు మొత్తం ఆ పొర్లే నీళ్ల మీదే నడుస్తోందన్న మాట మాత్రం ఎవరికీ గట్టిగా చెప్పలేదు, ట్యాంకు మీద రాసి పెట్టలేదు. ఆ అబ్బాయికి ఎలా తెలుస్తుంది.

కటాఫ్ తియ్యమనలేదు. మోటారు ఆగే మట్టానికి మూడంగుళాలు కింద ట్యాంకు పక్కన అరంగుళం కనెక్షన్ ఒకటి వేసి డబ్బాలకి కలిపాను. 500 లీటర్ల ట్యాంకు, మూడంగుళాలంటే 45 లీటర్లకి పైనే, మాకు కావాల్సింది 38. మోటారు రోజూ వేసి ట్యాంకు నిండితే చాలు, పొర్లక్కర్లేదు. ఈసారి ట్యాంకు మీద ఎర్ర పెయింటుతో తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాయించాను, "ఈ పైపు మొక్కలది, ముయ్యొద్దు" అని. ఒడియా అక్షరాలు కిందావిడ భర్త రాశాడు.

మొన్న అటువైపు వేరే పని మీద వెళ్తే అమ్మగారు మేడ ఎక్కించారు. ఈసారి టమాటాతో పాటు వంకాయ కూడా పెడతారట, ఎండు తెగులు వచ్చిన బస్తా మట్టి బయట పారబోశామని ముందే చెప్పారు నేను అడక్కుండా. ఏ బిరడా తియ్యాలో కూడా నన్ను అడగలేదు. స్టీలు గ్లాసులు వరసగా పెట్టి ఉన్నాయి, పక్కన దగ్గు మందు మూత.